దుఃఖం నీది, నేరం నీది కాదు



సోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర ఎత్తుకొచ్చిన కుక్కకూన పోయినప్పటి నుంచి నువ్వు సరిగ్గా తినడం లేదట. "ఆ కుక్కల గోల మానెయ్యమని నువ్వైనా చెప్పు" అని మీ అమ్మ ఫోన్ చేసింది. నేను అలా చెప్పను. ఆస్పత్రి వార్డుల్లో నర్సు పని చేసి రిటైరైనదాన్ని. ఇలాంటి పనిలో మనిషి ఎలా నిలబడుతుందో మాత్రం చెప్తా.

ఏడుపొస్తే ఏడువు. "గంట ముందు చూసుంటే బతికేది" అని నేరం నెత్తిన వేసుకోవడం మాత్రం వద్దు. పార్వో వైరస్ సోకి నెత్తుటి విరేచనాలు పట్టుకున్న కూనకు సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, దాని ఒంట్లో ఓపిక ఉంటే బతకనివ్వడమే వైద్యం. ఆ వైరస్‌ను చంపే మందు లేదు. పశ్చిమ బెంగాల్ వీధుల్లో 364 కూనలను గమనించిన శాస్త్రవేత్తలు 2016లో రాసిన దాని ప్రకారం, ఎదిగి పిల్లలు పెట్టే వయసుదాకా బతికినవి నూటికి 19. వీధిలో పుట్టడమే అంత కష్టం. ఆ లెక్కను నువ్వొక్కతివే మార్చలేవు.

నీ చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. పార్వో మట్టిలో నెలల తరబడి ఉంటుంది. అందుకే ఆ కూన పడుకున్న మూలను బ్లీచింగ్‌తో కడుగు, టీకాలు పడని ఇంకో కూనను అక్కడ పెట్టకు. ముందుగానే వేసుకునే రేబిస్ టీకాలు నువ్వు వేయించుకో. పన్ను గీరుకున్నా సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లు. మగ్గం పోను మన ఇళ్లలో మిగిలే చోటెంతో నీకు తెలుసు. చోటు లేనప్పుడు "నావల్ల కాదు" అను. అది పాపం కాదు.

ఇక బతకదని స్థానిక కమిటీ నియమించిన బృందం తేలిస్తే, డాక్టర్ చేత నొప్పి లేకుండా సాగనంపడానికి 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలే ఒప్పుకున్నాయి. ఆ నిర్ణయం వాళ్లది. తల నిమురుతూ పక్కన కూర్చోవడం నీ పని. దాన్ని హత్యగా మోయకు.

అన్నిటికంటే మనిషిని ఎక్కువ అరగదీసేది కోపం. గల్లీవాళ్లంతా రాక్షసులని నువ్వు అంటున్నావట. రాత్రి పాళీ దిగి సైకిల్ మీద వచ్చే కార్మికుడి వెంట నాలుగు కుక్కలు పడితే అతను రాయి తియ్యక ఏం చేస్తాడు? పొద్దున బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు నడిచే ఆడవాళ్ల భయమూ నిజమే. ఆ భయం తగ్గితేనే కుక్కకు రక్షణ. గుమ్మాల దగ్గర, మెట్ల దగ్గర, పిల్లలు ఆడుకునే చోట తిండి పెట్టొద్దని ఆ 2023 నియమాల్లోనే ఉంది. పిచ్చి సోకినవి, మీదపడేవి తప్ప మిగతావాటికి ఆపరేషన్, టీకా చేసి పట్టినచోటే వదలాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ ఆపరేషన్ల కోసం మహానగర పాలికకు అర్జీ పెట్టేటప్పుడు ఆ సైకిల్ మనిషి సంతకమూ తీసుకో. ఈ ఏడాది ఆపరేషన్ అయిన ఒక్క ఆడకుక్క, వచ్చే ఏడాది నువ్వు పాతిపెట్టాల్సిన కూనలను తగ్గిస్తుంది.

కూన అరుపు విన్నా మనసు కదలడం లేదనిపిస్తే, లేదా అమ్మ పలకరించినా చిరాకొస్తే, గుండె రాయైందని భయపడకు. అది అలసట. అలాంటప్పుడు ఆగాలి. వార్డులో పాళీ మారేటప్పుడు ఏ రోగి సంగతేంటో వచ్చే నర్సుకు అప్పజెప్పి బయటపడేవాళ్లం. అప్పజెప్పకుండా ఎవరూ వెళ్లరు, అప్పజెప్పాక ఎవరూ ఉండిపోరు. నువ్వూ, నీతో ఈ పని చేసే స్నేహితురాలూ అలాగే వంతులు వేసుకోండి.

శ్రావణంలో నూలు పున్నమికి మార్కండేయుడి రథం చూడటానికి వస్తున్నా. ఆ రోజు నీ ఫోన్ నీ స్నేహితురాలి దగ్గరుండాలి, నువ్వు నా పక్కనుండాలి. ఇది సలహా కాదు, షరతు.

ఇట్లు
మీ పెద్దమ్మ