లాగిన్ అయినా మళ్లీ లాగిన్ పేజీయే ఎందుకు?

ఢిల్లీలోని ద్వారక సెక్టార్ 3లో నేతాజీ సుభాష్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ ఉంది. అలాంటి కాలేజీలో చదివే ఓ విద్యార్థి, తన హాజరు శాతాన్ని రోజూ తెచ్చి చూపే చిన్న పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాడనుకుందాం. యూజర్ పేరు, పాస్‌వర్డ్ సరైనవే. సర్వర్ ఏ ఎర్రర్నూ చూపలేదు. కానీ హాజరు పేజీ అడిగిన ప్రతిసారీ లాగిన్ పేజీయే వస్తోంది. అదే పని బ్రౌజర్‌లో చేస్తే ఏ ఇబ్బందీ లేదు.

కారణం హెచ్‌టీటీపీ స్వభావంలోనే ఉంది. ఈ పద్ధతిలో సర్వర్‌కు ప్రతి అభ్యర్థనా కొత్తదే. ఒక్క క్షణం క్రితం ఎవరు వచ్చారో దానికి గుర్తుండదు. ఈ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ ఉద్యోగి లూ మొంటుల్లి కుకీని రూపొందించారు. చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే ఇది. సర్వర్ తన జవాబులో 'సెట్-కుకీ' అనే హెడర్‌తో ఒక సంఖ్య ఇస్తుంది. ఆ తర్వాత వెళ్లే ప్రతి అభ్యర్థనలోనూ 'కుకీ' హెడర్‌తో దాన్ని తిరిగి చూపాలి. హెడర్లంటే పేజీలోని అసలు విషయానికి ముందు వచ్చే సమాచార పంక్తులు. అవి తెర మీద కనిపించవు.

అసలు చిక్కు దారి మళ్లింపు దగ్గర వస్తుంది. పాస్‌వర్డ్ సరిపోయాక చాలా సైట్లు నేరుగా పేజీ ఇవ్వవు. 302 అనే కోడ్, 'లొకేషన్' హెడర్‌లో కొత్త చిరునామా పంపుతాయి. టోకెన్ కూడా సాధారణంగా ఈ మధ్య జవాబులోనే ఉంటుంది. పైథాన్‌లోని రిక్వెస్ట్స్ లైబ్రరీ దారి మళ్లింపును తనంతట తానే అనుసరించి, చివరి జవాబును చేతికిస్తుంది. ఆ చివరి జవాబులో కుకీలు వెతికితే ఖాళీ! దాటి వచ్చిన జవాబులు 'హిస్టరీ'లో ఉంటాయి. అక్కడ వెతకడం కన్నా, మొదటి నుంచీ 'సెషన్' వాడటమే తేలిక. అది టోకెన్లను తానే దాచి, అవసరమైన చోట చూపుతుంది. కర్ల్‌లోనూ ఇంతే. కుకీలు దాచమని చెప్పకపోతే, దారి మళ్లింపులో వచ్చిన కుకీని తర్వాతి అడుగులో పంపదు.

మరో తేడా ఉంది. ఫారం పంపే పోస్ట్ అభ్యర్థనకు 302 జవాబు వస్తే, బ్రౌజర్లు తర్వాతి అడుగును గెట్‌గా మార్చేస్తాయి. ఈ అలవాటునే స్పష్టంగా చెప్పేందుకు 1997లో హెచ్‌టీటీపీ 1.1తో 303 వచ్చింది. పద్ధతి మార్చొద్దని చెప్పే 307 కోడ్ 1999 నాటి ప్రమాణంలో చేరింది. ఫీజు చెల్లించాక 303 పంపితే, విద్యార్థి పేజీని రిఫ్రెష్ చేసినా ఫారం రెండోసారి వెళ్లదు. డబ్బుతో ముడిపడిన చోట ఈ చిన్న అంకెను పట్టించుకోకపోవడం నిర్లక్ష్యమే.

టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వారే ఆ విద్యార్థి, సర్వర్ దృష్టిలో. పాస్‌వర్డ్ కూడా అడగదు. అందుకే బ్రౌజర్ ఒక సైటు కుకీని మరో సైటుకు ఇవ్వదు. హెడర్‌ను స్క్రిప్టులో చేత్తో రాసినప్పుడు మాత్రం ఈ కాపలా వాడే సాధనంపై ఆధారపడుతుంది. 2018 జనవరిలో వచ్చిన కర్ల్ 7.58.0కు ముందు, వాడుకరి స్వయంగా రాసిన 'ఆథరైజేషన్' హెడర్ దారి మళ్లింపుతో వేరే సర్వర్‌కూ చేరేది. అదే ఏడాది రిక్వెస్ట్స్‌లోనూ లోపం బయటపడింది: హెచ్‌టీటీపీఎస్ నుంచి అదే సైటులోని మామూలు హెచ్‌టీటీపీకి మళ్లినప్పుడు ఆ హెడర్ గుప్తీకరణ లేకుండా వెళ్లేది. 2.20.0లో దాన్ని సరిచేశారు. కాలేజీ ల్యాబుల్లో పాత కంప్యూటర్లు ఉంటే, స్క్రిప్టు నడిపే ముందు ఈ రెండింటి వెర్షన్లు చూసుకోవాలి.