తెర వెనక నుంచి మైకు దాకా

మాది అవనిగడ్డ. ఫస్టియర్ సెమినార్‌లో మైకు ముందు నిలబడ్డాను. "అందరికీ నమస్కారం" తర్వాత ఒక్క ముక్క రాలేదు. రాత్రంతా బట్టీ పట్టిన నాలుగు పేజీలూ ఎటు పోయాయో! తలొంచుకుని వచ్చి కూర్చున్నా. ఏడాది పాటు మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

సెలవుల్లో మా జిల్లాలోనే ఉన్న కూచిపూడి వెళ్లి భామాకలాపం చూశాను. వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి (1935–2012) పేరు తెచ్చిన సత్యభామ పాత్ర అందులోదే. ఆవిడ ఒక్కసారిగా వచ్చేయదు. ఇద్దరు తెర పట్టుకుంటారు, ముందు తెర మీదుగా జడ వేస్తుంది. తర్వాతే తానెవరో చెప్పుకుంటుంది. నాకు లేనిది ఆ ప్రవేశమే!

భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడ, నోరెండటం దాని పనే, మన చేతకానితనం కాదు. అందుకని మిత్రులారా,

1. మొదటి రెండు వాక్యాలే కంఠతా పట్టండి. మిగతాది పాయింట్లుగా రాసుకోండి.
2. గదిలో నిలబడి, పైకి వినబడేలా చెప్పి చూసుకోండి.
3. మైకు ముందు ఊపిరి నెమ్మదిగా వదలండి.
4. తెలిసిన ముఖాన్ని చూస్తూ మొదలెట్టండి.

మొన్న మన క్లబ్ మీటింగ్‌లో మాట్లాడాను. మోకాళ్లు వణికాయి. అయినా చివరిదాకా చెప్పాను. వణుకు తగ్గాక ఎక్కుదాంలే అనుకుంటే ఎప్పటికీ ఎక్కలేం.