జంగ్లాత్ కొలువుకు వస్తారా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ అటవీ శాఖను 'జంగ్లాత్' అనే అంటారు. మన కోచింగ్ సెంటర్లలో మాత్రం ఆ పేరు నోటిఫికేషన్ పడ్డప్పుడు తప్ప వినబడదు. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ వీటి చుట్టూనే మాటలన్నీ. బీట్ ఆఫీసర్ అంటే 'ఇంటర్‌తో వచ్చే నౌకరీ' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ నౌకరీలో పొద్దున లేస్తే ఏం పని ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ. దరఖాస్తు నింపే ముందు తెలియాల్సింది అదే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

కోనరావుపేట, వీర్నపల్లి, ఎల్లారెడ్డిపేట మండలాల గుట్టల అంచు ఊళ్లలో రైతు తెల్లారి బాయికాడికి పోయేసరికి కొట్టంలో లేగదూడ చచ్చి పడి ఉంటుంది. మెడ మీద కోర గాట్లు, మడిలో అడుగుల గుర్తులు. అరగంటలో ఊరంతా అక్కడ చేరుతుంది. ఫోన్ బీట్ ఆఫీసర్‌కు పోతుంది. ఆ మనిషి వచ్చీ రాగానే చేయాల్సిన మొదటి పని చిరుతను వెతకడం కాదు, జనాన్ని వెనక్కి జరపడం. అడుగుల గుర్తులు చెరిగిపోకుండా వాటి మీద గంపో తట్టో బోర్లించి కొలతలు రాసుకోవాలి, ఫొటోలు తీయాలి. పశువుల డాక్టర్‌ను పిలిపించి, పంచనామా రాసి, రైతుకు నష్టపరిహారం కాగితాలు ఆ రోజే కదిలించాలి. చీకటి పడేలోగా కెమెరా ట్రాప్ కట్టాలి. పశువులను ఇంటికి తోలుకురమ్మని, చేను కాడ ఒంటరిగా పండుకోవద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి.

పరిహారం కాగితానికి అంత తొందర ఎందుకంటే, దూడ పోయిన రైతు కడుపుమంటతో ఆ కళేబరం మీద పురుగుల మందు చల్లవచ్చు. చిరుత మళ్లీ దాని దగ్గరికే వస్తుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో పులి చనిపోయింది అలా విషం కలిసిన కళేబరం తినడం వల్లే. సాయంత్రంలోగా రైతు చేతిలో ఒక రసీదు, 'నీ నష్టం రాసుకున్నాం' అనే భరోసా ఉంటే మందు డబ్బా మూత తెరుచుకోదు. ఈ ఉద్యోగంలో ప్రాణాలు కాపాడే పని చాలావరకు ఇలాంటి చిన్న కాగితాల మీదే నడుస్తుంది. ఇది నా గట్టి నమ్మకం.

బావిలో పడ్డ చిరుత సంగతి ఇంకో రకం. మన వైపు గడ్డలు సరిగ్గా లేని వ్యవసాయ బావులు చాలా ఉన్నాయి. రాత్రి పందినో కుక్కనో తరుముతూ జంతువు అందులో పడిపోతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు 'మత్తు సూది కొట్టండి సార్' అని అరుస్తారు. నీళ్లలో ఉన్న జంతువుకు మత్తు ఇస్తే మునిగి చస్తుంది. ముందు తాళ్లతో మంచాన్నో తడికనో దింపి, అది ఎక్కి ఊపిరి పీల్చుకునేలా చేయాలి. తర్వాత నిచ్చెన దింపి, లైట్లు ఆర్పి, మనుషులందరినీ దూరం పంపితే చాలాసార్లు అదే ఎక్కి తన దారిన పోతుంది. కష్టమంతా మనుషులను దూరం పంపడంలోనే ఉంది. సెల్ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లు బావి చుట్టూ నిలబడితే జంతువు బెదిరి ఎటు దూకుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే రేంజర్ ముందుగా పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేస్తాడు.

కొన్నిసార్లు ఎవరూ ఊహించని ఆపద వస్తుంది. 2024 ఏప్రిల్‌లో గడ్చిరోలి అడవుల నుంచి ఒక ఏనుగు ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. రెండు రోజుల్లో ఇద్దరు రైతులను చంపింది. మన రాష్ట్ర అడవుల్లో ఏనుగులు లేవు కాబట్టి అక్కడి సిబ్బందికి దాని నడక తెలియదు. అయినా ఊళ్లు తిరిగి జనాన్ని ఇళ్లలో ఉంచింది, అది ఎటు కదులుతోందో కనిపెట్టింది వాళ్లే.

ఇక వేసవి. ఫిబ్రవరి నుంచి మే దాకా అడవి కాలే కాలం. ఇప్పపువ్వు ఏరుకునేందుకు చెట్టు కింది ఆకులు తగలబెడతారు. తునికాకు చిగురు బాగా వస్తుందని పొదలకు నిప్పు పెడతారు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో అమ్మలు చాటల్లో పోసుకుని బీడీలు చుట్టేది ఆ తునికాకుతోనే కదా. అందుకే ఈ మంట మనకు పరాయి విషయం కాదు. ఎక్కడ మంట లేచినా ఉపగ్రహం పట్టుకుంటుంది, దెహ్రాదూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి సిబ్బంది ఫోన్లకు సందేశం వస్తుంది. ఆకాశం నుంచి కబురు వచ్చినా ఆర్పేది మాత్రం పచ్చి కొమ్మలతో, బ్లోయర్లతో, కాలినడకన పోయిన నలుగురైదుగురు మనుషులే.

ఇప్పుడు చట్టం సంగతి. పోలీసు కొలువు రాకపోతే ఇటు వద్దామనుకునే పిల్లలు దీన్ని శ్రద్ధగా చదవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 50వ సెక్షన్ కింద అటవీ అధికారికి సోదా చేసే, వస్తువులు జప్తు చేసే, వారెంట్ లేకుండా అరెస్టు చేసే అధికారం ఉంది. పట్టుకున్న మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. టేకు దుంగలు, అడవి నరికివేత లాంటి కేసులు 1967 నాటి అటవీ చట్టం కిందికి వస్తాయి. వన్యప్రాణి కేసులో అటవీ అధికారి నేరుగా కోర్టుకే ఫిర్యాదు పెట్టవచ్చు. ఇంకో పెద్ద తేడా కూడా ఉంది. అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యం కోర్టులో చెల్లుతుంది. ఇంత బరువైన అధికారం ఉన్నచోట ఒక్క తప్పు రాత కేసును ముంచేస్తుంది.

మన జిల్లాల్లో ఎక్కువగా ఎదురయ్యేది కరెంటు తీగ. అడవి పందుల కోసం పొలం కరెంటుకు కొక్కెం తగిలించి తీగ పరుస్తారు. పంది చచ్చినా, చిరుత చచ్చినా, రాత్రి నీళ్లు పెట్టపోయిన రైతు చచ్చినా ఆ తీగకు తేడా తెలియదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం వైపు అడవిలో కూంబింగ్‌కు పోయిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు అలాంటి తీగకే బలయ్యారు. ఈ కేసులో తీగ, మేకులు, కట్టెలు, తీగను స్తంభానికి తగిలించిన చోటు, అన్నీ సాక్షుల ముందు రాసి సీలు వేయాలి. వండిన మాంసం దొరికితే 'అది మేక మాంసం సార్' అంటారు. ఆ ముక్క హైదరాబాద్ సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాలకు పోతే, డీఎన్ఏ పరీక్షలో జింకా మేకా తేలిపోతుంది. షెడ్యూల్-1 జంతువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా. బయోటెక్నాలజీ చదివేవాళ్లకు ఆ ప్రయోగశాల కూడా ఒక దారి చూపవచ్చు.

ప్రమాదం లేదని చెబితే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బెండాలపాడు దగ్గర ప్లాంటేషన్‌లో పశువులను మేపొద్దన్నందుకు రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావును కొడవళ్లతో నరికి చంపారు. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటించబోయిన రేంజ్ ఆఫీసర్ అనిత మీద గుంపు కర్రలతో పడింది. ట్రాక్టర్ ఎక్కి నిలబడి దెబ్బలు తిన్న ఆమెను దేశమంతా టీవీల్లో చూసింది. రాజమండ్రిలో పుట్టిన ఐఎఫ్ఎస్ అధికారి పందిళ్లపల్లి శ్రీనివాస్‌ను 1991 నవంబర్‌లో వీరప్పన్ నమ్మించి చంపాడు. కీర్తిచక్ర ఆయన పోయాక వచ్చింది. అడవి అమరవీరుల దినం సెప్టెంబర్ 11. ఆ రోజు ఇలా ప్రాణాలిచ్చినవాళ్లను తలుచుకుంటారు.

ఇక ఆయుధం సంగతి. అమెరికాలో చట్టం అమలు చూసే నేషనల్ పార్క్ రేంజర్ నడుముకు తుపాకీ ఉంటుంది. ఆ రేంజర్ దొంగను పట్టుకుంటాడు, లోయలో పడినవాడిని తాళ్లతో పైకి లాగుతాడు, ప్రథమ చికిత్స చేస్తాడు. మన బీట్ ఆఫీసర్ చేతిలో సాధారణంగా కర్ర, టార్చి, సెల్‌ఫోన్. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన సంగతి మీ తాతలకు గుర్తుంటుంది. ఆ నక్సలైట్ల కాలంలో అటవీ సిబ్బంది తుపాకులు పోలీస్ స్టేషన్లకు చేరాయి. శ్రీనివాసరావు హత్య తర్వాత ఆయుధాలు కావాలన్న డిమాండ్ మళ్లీ లేచింది. ఆయుధం ఉండాలా వద్దా అన్నదానికంటే ఒంటరిగా పంపకపోవడం ముఖ్యమని నేను అనుకుంటాను. రాత్రి గస్తీకి ముగ్గురు పోవాలి, ఆ ముగ్గురిలో ఒకరు ఆ ఊరి మనిషై ఉండాలి.

ఊరి మనిషి అన్నాను కాబట్టి పోడు మాట దాటేయలేను. వీర్నపల్లి, రుద్రంగి వైపు తండాల్లో పుట్టినవాళ్లు ఈ వ్యాసం చదువుతుంటే, జంగ్లాతోళ్లంటే చిన్నప్పటి నుంచి భయమో కోపమో ఉండే ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి దున్నుతున్న భూమి మీద హక్కు అడగవచ్చు. 2023 జూన్‌లో రాష్ట్రంలో పోడు పట్టాలు పంచారు. ఏ భూమి ఆ తేదీకి ముందుది, ఏది కొత్తగా నరికినది అని తేల్చే పంచాయతీలో యూనిఫాం వేసుకున్న మనిషికి లంబాడీ మాట వస్తే సగం గొడవ అక్కడే ఆగుతుంది. అందుకే తండా పిల్లలు ఈ కొలువుకు రావాలని నాకు గట్టిగా ఉంది.

చేరే దారులు ఇవి. ఇంటర్ పాసైతే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. జనరల్ నాలెడ్జ్ ఒక పేపర్, పదో తరగతి స్థాయి లెక్కలు ఇంకో పేపర్. డిగ్రీతో సెక్షన్ ఆఫీసర్, దాని మీద రేంజ్ ఆఫీసర్. 2017లో ఒక్క బీట్ ఆఫీసర్ పోస్టులే 1,857 ప్రకటించారు. ఏటా అన్ని రావు కాబట్టి దీని ఒక్కదాని మీదే కూర్చోకండి. నియామకం టీజీపీఎస్సీ ద్వారా, శిక్షణ హైదరాబాద్ శివారు దూలపల్లిలోని ఫారెస్ట్ అకాడమీలో. 2016లో మొదలైన ఫారెస్ట్రీ డిగ్రీ కాలేజీ ఇప్పుడు సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. జగిత్యాల పొలాస, సిరిసిల్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివేవాళ్లు యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు.

కోరుట్ల వెటర్నరీ కాలేజీ పిల్లలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మత్తు సూదిలో ఎంత మందు పోయాలో లెక్క కట్టేది, చచ్చిన పులి కడుపులో విషం ఉందో లేదో చూసి పోస్టుమార్టం రాసేది పశువైద్యులే. ఆ చదువుతోనూ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు. మీ ఊళ్లోనే అంత అవకాశం పెట్టుకుని డెయిరీ ఒక్కటే దారనుకోకండి.

చివరిగా నడక. పరీక్ష పాసయ్యాక మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. ఆడవాళ్లకు దూరం తక్కువ. పేపర్లలో మంచి మార్కులు తెచ్చుకుని ఇక్కడ ఆగిపోయినవాళ్లు ఉంటారు. జగిత్యాల నుంచి కోరుట్ల దాకా రోడ్డు దాదాపు ఆ దూరమే. హైవే మీద మాత్రం నడవకండి, ఊరి మైదానంలోనో చెరువు కట్ట మీదో అంత దూరం లెక్క పెట్టుకోండి. వారానికి ఐదు కిలోమీటర్ల చొప్పున పెంచుకుంటూ పోండి. కొత్త బూట్లతో పరీక్షకు పోవద్దు, బొబ్బలెక్కుతాయి. పొద్దున ఐదింటికి మొదలుపెట్టి, గంటకు ఆరు కిలోమీటర్లకు పైగా పడుతున్నాయా లేదా చూసుకోండి. తొమ్మిదింటికి ఇంటికొచ్చి, అన్నం తిన్నాక, దారిలో ఏయే చెట్లు చూశారో ఒక నోటుబుక్కులో రాయండి.