సిగ్గుపడితే సొమ్ము పోతుంది

తమిళనాడులోని ధర్మపురిలో తెలుగు ఇళ్లలో మాట తెలుగు. బడిలో, బజారులో తమిళం. ఫోన్‌లో వచ్చే బ్యాంకు మెసేజీలు చాలావరకు ఇంగ్లిష్. పిల్లలు ఉద్యోగాలకు హోసూరు, బెంగళూరు వెళ్లిపోతే ఆ ఫోన్‌తో ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు.

ఇలాంటి ఇళ్లలో ఆన్‌లైన్ మోసాల సంగతి ఎత్తి చూడండి. ‘మన దగ్గర ఏముందని దోచుకుంటారు?’ అంటారు. ఎవరైనా మోసపోతే ‘ఇంత చదువుకుని ఆ మాత్రం తెలియదా?’ అని ఎత్తిపొడుస్తారు. ఈ రెండు మాటలూ దొంగకే మేలు చేస్తాయి. మొదటిది మనల్ని ఏమరుపాటులో ఉంచుతుంది. రెండోది మోసపోయినవాళ్ల నోరు నొక్కేస్తుంది.

మోసగాడు చదువు చూసి రాడు. భయాన్ని, తొందరను నమ్ముకుని వస్తాడు. వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో కనిపించి, మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయంటాడు. ‘డిజిటల్ అరెస్ట్’ చేశామంటాడు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని కూడా ఇదే చెప్పారు. అయినా డాక్టర్లు, ఇంజినీర్లు, రిటైరైన అధికారులు సైతం ఈ వలలో పడ్డారు. అందుకే తెలివి ఒక్కటే చాలదు, అలవాటు కావాలి. ఈ మూడూ అలవాటు చేసుకోండి.

ఆగండి: యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ డబ్బు పోబోతోందని అర్థం. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకండి. తొందరపెట్టే ఫోన్ పెట్టేసి, కార్డు వెనుక ఉన్న బ్యాంకు నంబరుకు మీరే ఫోన్ చేయండి.

అడగండి: కొత్తవాళ్లకు డబ్బు పంపేముందు ఇంట్లో ఒకరితో మాట్లాడటం నియమంగా పెట్టుకోండి. ‘ఎవరికీ చెప్పొద్దు’ అని అవతలివాడు అన్నాడంటే, తప్పకుండా చెప్పాల్సిన సమయం అదే.

చెప్పండి: పోయిన సొమ్ము ఖాతా నుంచి ఖాతాకు చకచకా మారిపోతుంది. దొంగ దాన్ని తీసుకునేలోపు ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ. కాబట్టి వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. బ్యాంకుకూ ఫిర్యాదు చేయండి. ఓటీపీ పొరపాటున మనమే చెప్పినా, ఫిర్యాదు అందాక జరిగే అనధికార లావాదేవీల నష్టం బ్యాంకుదేనని 2017లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. సిగ్గుతో గడిపే ప్రతి గంటా మన జేబుకే చిల్లు.

ఊరికి దూరంగా ఉన్న పిల్లలకు ఒక మాట. ఈ ఆదివారం అమ్మానాన్నలకు ఫోన్ చేసినప్పుడు ఈ సంగతులన్నీ మీ ఇంటి తెలుగులో, ఓపిగ్గా చెప్పండి. ‘ఎప్పుడైనా మోసపోతే నేను కోప్పడను, ముందు నాకే చెప్పండి’ అని మాటివ్వండి. ఆ మాట మీద నిలబడండి.