చలికాలంలో చిన్న పనులు, చిన్న సంతోషాలు

చలికాలం రాగానే మోకాళ్ళ నొప్పులు, దగ్గు, ఆయాసం గురించి మన ఇళ్ళలో అందరమూ మాట్లాడుకుంటాము. ఈ కాలంలో వచ్చే ఇంకొక బాధను గురించి మాత్రం అంతగా మాట్లాడుకోము. అది మనసు ముడుచుకొనిపోవడం. ఉదయం దుప్పటి తీయబుద్ధి కాదు. నడక ఆగిపోతుంది. పలకరించడానికి వచ్చేవారు తగ్గుతారు. సాయంత్రం ఆరు గంటలకే తలుపులు మూసుకుంటాము. వయసు మళ్ళినవారు, ఆపరేషను అయి ఇంటిపట్టున ఉన్నవారు, దీర్ఘవ్యాధులు ఉన్నవారు, ఈ మధ్యనే ఆప్తులను పోగొట్టుకొన్నవారు దీనికి త్వరగా లోనవుతారు. ఇంట్లోవారు "పెద్దతనం కదా, చలి కదా" అని ఊరుకుంటారు. అలా ఊరుకోకుండా ఇంటిలోనే ఏమి చేయవచ్చునో ఈ పాఠంలో తెలుసుకుందాము.

ఎందుకు ఇలా జరుగుతుంది?

చలికాలంలో వచ్చి, ఎండలు ముదిరాక తగ్గిపోయే ఒక రకం కుంగుబాటును అమెరికాలో డాక్టర్ నార్మన్ రోసెంథాల్, ఆయన తోటి పరిశోధకులు 1984లో వివరించారు. ఉత్తరాది చలిదేశాలలో శీతకాలపు పగలు చాలా కురచ. మనకు అంత తేడా లేదు. హైదరాబాదులో జూన్ నెలలో పగలు సుమారు 13 గంటలు ఉంటే, డిసెంబరు 21 ప్రాంతంలో సుమారు 11 గంటలు ఉంటుంది. కాబట్టి మన దగ్గర వెలుతురు తగ్గడం కంటె, పనులు తగ్గడమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇది ఒక గానుగ చుట్టు వంటిది. చలి వలన, నొప్పి వలన పని మానేస్తాము. పని మానేస్తే ఆ పనిలో దొరికే తృప్తి, నలుగురితో మాట పోతాయి. అవి పోతే మనసు దిగులు పడుతుంది. దిగులుతో ఉన్నవారికి ఏ పనీ చేయబుద్ధి కాదు. "మనసు బాగుపడ్డాక చేద్దాములే" అని ఎదురుచూస్తే ఆ చుట్టు తెగదు. ముందు చిన్న పని మొదలుపెట్టాలి. మనసు దాని వెనుక నెమ్మదిగా వస్తుంది.

ఇది కేవలం ఓదార్పు మాట కాదు. గోవాలో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో జరిగిన ఒక అధ్యయనం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. తీవ్రమైన కుంగుబాటుతో ఉన్న 493 మంది అందులో పాల్గొన్నారు. వారిలో సగం మందికి మామూలు వైద్యంతో పాటు, శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు ఆరు నుండి ఎనిమిది సార్లు కలిసి, ఇష్టమైన పనులను తిరిగి మొదలుపెట్టడంలో సహాయం చేశారు. మూడు నెలల తరువాత వారిలో నూటికి 64 మందికి కుంగుబాటు తగ్గిపోయింది. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో నూటికి 39 మందికి తగ్గింది.

ఇంట్లో మొదలుపెట్టదగిన పనులు

1. మెంతి మడి. నిద్రమేలుకొని చూడడానికి ఏదో ఒకటి ఉండాలి. ఒక పాత టబ్బులో లేక వెడల్పు డబ్బాలో అడుగున చిల్లులు పెట్టి, మట్టి, పశువుల ఎరువు కలిపి నింపండి. రాత్రి నానబెట్టిన మెంతులు చల్లి, పైన పలుచగా మట్టి వేయండి. మూడు, నాలుగు రోజులలో మొలకలు కనబడతాయి. నెల తిరగకముందే పప్పులోకి కూర వస్తుంది. ధనియాలైతే మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. అవి మొలవడానికి వారం పది రోజులు పడుతుంది. మంచంలో ఉన్నవారికి కనబడేటట్లు కిటికీ దగ్గర ఎండలో పెట్టండి. నీళ్ళు చల్లే బాధ్యత వారికే ఇవ్వండి.

2. బొంత కుట్టడం. పెట్టె అడుగున పడి ఉన్న పాత నూలు చీరలను నాలుగు పొరలుగా పరచి, అంచులు కలిపి, సాదా కుట్టు వరుసలుగా వేస్తే మెత్తని బొంత తయారవుతుంది. రోజుకు నాలుగు వరుసలు చాలును. చూపు తగ్గినవారికి సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం పిల్లల పని. ఏ చీర ఎప్పుడు కొన్నదో, ఎవరు పెట్టిందో చెప్పుకుంటూ కుడితే సాయంత్రం తెలియకుండా గడుస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు వేలికి తొడుగు పెట్టుకొని కుట్టాలి.

3. వెదురు నక్షత్రం. క్రిస్మస్‌కు బజారులో ప్లాస్టిక్ నక్షత్రాలు దొరుకుతున్నా, ఇంట్లో చేసిన దాని ముచ్చట వేరు. ఐదేసి వెదురు బద్దలతో రెండు నక్షత్రాలు కట్టండి. వాటి ఐదు కొనలను కలిపి కట్టి, లోపలి మూలలలో ఐదు చిన్న పుల్లలు అడ్డం పెడితే నక్షత్రం ఉబ్బెత్తుగా నిలబడుతుంది. మైదా ఉడికించిన జిగురుతో రంగు కాగితాలు అంటించండి. లోపల కొవ్వొత్తి వద్దు, చిన్న ఎల్‌ఇడి బల్బు పెట్టండి. బద్దలు చెక్కడం పెద్దవారు చేయాలి, కాగితం అంటించడం పిల్లలు చేయవచ్చును.

4. నోటుపుస్తకంలో ముగ్గులు. మోకాళ్ళ నొప్పులతో వాకిట్లో వంగలేని అమ్మమ్మకు పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు సందు చుక్క పెట్టడం ఇంకా గుర్తు ఉంటుంది. బల్ల ముందు కూర్చోబెట్టి ఒక పుస్తకం, రంగు పెన్సిళ్ళు ఇవ్వండి. మనవరాలు దానిని చూసి వాకిట్లో వేస్తుంది.

5. ఇంటి వంటల పుస్తకం. అరిసెలకు పాకం ఎప్పుడు దించాలో, ఉసిరికాయ పచ్చడిలో ఉప్పు ఎంతో పెద్దవారికి చేతి కొలతే తెలుసును. రోజుకు ఒక వంట వారు చెబుతుంటే ఒకరు వ్రాయాలి. ఆ ఇంట్లో వారికే తెలిసిన సంగతి అది. తాము ఇంకా అవసరమైనవారమే అని వారికి తెలుస్తుంది.

ఎలా మొదలుపెట్టాలి?

• ఒకే పని ఎంచుకోండి. మొదటి వారం రోజుకు పది నిమిషాలు మించవద్దు.
• పనికి ఒక వేళ పెట్టండి. "తీరిక దొరికినప్పుడు" అనుకొంటే జరగదు. ఉదయం ఎండ పొడ వచ్చాక అరుగు మీద కూర్చోవడం మంచిది.
• "ఊరికే కూర్చోకు, సంతోషంగా ఉండు" అని చెప్పడం వలన ఉపయోగం లేదు. పక్కన కూర్చొని "నాన్నగారూ, ఈ బద్ద పట్టుకోండి" అనండి.
• పనికి ముందు, తరువాత మనసు ఎలా ఉన్నదో పదికి ఎన్ని మార్కులో క్యాలెండరులో వ్రాయండి. రెండు నుండి మూడుకు పెరిగినా అది మేలే.
• ఒక రోజు తప్పినా మరునాడు మరల మొదలుపెట్టండి.

జాగ్రత్తలు

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు వలన ప్రాణాపాయం కలుగుతుంది. చక్కెర వ్యాధి వలన పాదాలకు స్పర్శ తగ్గినవారు కాళ్ళను మంటకు చాపవద్దు, కాలినా తెలియదు. ఆస్తమా ఉన్నవారు భోగిమంట పొగకు, ముగ్గు పిండి దుమ్ముకు దూరంగా ఉండాలి. చలిలో రక్తపోటు పెరుగుతుంది కనుక బి.పి. మాత్రలు సొంతంగా మానవద్దు.

డాక్టరును ఎప్పుడు చూడాలి?

దిగులు, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే, నిద్ర లేక ఆకలి చెడితే, ఇంటి పనులతో సరిపెట్టుకోవద్దు. రక్తహీనత, థైరాయిడ్ లోపం వలన కూడ ఇటువంటి నీరసం రావచ్చును. చిన్న రక్తపరీక్షలతో అది తెలుస్తుంది. కుంగుబాటుకు మంచి మందులు, చికిత్స ఉన్నవి. "నేను బ్రతికి ఏమి లాభం" అనే మాట ఎవరి నోట వచ్చినా దానిని చలికి, చాదస్తానికి కట్టబెట్టక, వారిని ఒంటరిగా వదలక, అదే రోజు వైద్యుని దగ్గరకు తీసుకొనిరండి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రియైనా ఉచితంగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడవచ్చును.

కుటుంబమంతా కూర్చొని ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన ఇంట్లో గాని, మన వీధిలో గాని ఈ నెలలో బయట కనబడకుండా పోయినవారు ఎవరు?
2. వారు ఒకప్పుడు ఇష్టంగా చేసి, ఇప్పుడు మానేసిన పని ఏమిటి?
3. ఆ పనిలో ఏ చిన్న భాగం ఇప్పటికీ వారి చేతనవుతుంది?
4. రేపు ఉదయం వారి పక్కన పది నిమిషాలు ఎవరు కూర్చుంటారు?

నాలుగవ ప్రశ్నకు ఈ రాత్రే ఒక పేరు చెప్పుకొని, తరువాత నిద్రపోండి.