ఎదుటివారి కంటిలో పడని వెలుగు

రాత్రివేళ ఎదురుగా వచ్చు బండి దీపమునకు కండ్లు బైర్లు క్రమ్ముట మనలో ప్రతివారికిని అనుభవమే. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము రెండు సెకనులలో 33 మీటర్లు సాగును. చూపు చెదరిన ఆ రెండు సెకనులలో ముందు ఎడ్లబండి యున్నను, పొలమునుండి నడచివచ్చు కూలివారున్నను డ్రైవరునకు కానరారు.

దీపము మరీ ప్రకాశవంతమైనదని మనము నిందింతుము. పెక్కు సందర్భములలో లోపము ప్రకాశములో లేదు. వెలుగు పోవు దిక్కులో నున్నది.

హెడ్‌లైటు లోపల అద్దమువలె మెరయు గిన్నె యొకటి గలదు. దాని ఆకృతి పరావలయము. ఆ గిన్నెకు నాభి యను స్థానమున్నది. అచ్చట దీపపు తీగ నుంచినచో కిరణములు చెదరక తిన్నగా దూరమునకు పోవును. మన డ్రైవర్లు 'అప్పర్' అనునది ఇదియే. విరివిగ వాడుకలోనున్న హెచ్-4 బల్బులో రెండు తీగలుండును. 60 వాట్ల తీగ నాభి యొద్దను, 55 వాట్ల 'డిప్పర్' తీగ దానికి కొంచెము ముందుగను అమర్చబడును. ముందున్న తీగ వెలుగు గిన్నె పైసగమునకు తగిలి క్రిందికి వంగును. క్రిందిసగమునకు తగిలినచో పైకెగసి ఎదుటివారి కండ్లలో పడును. అందుచేత ఆ తీగ క్రింద చిన్న లోహపు దొప్ప నుంచిరి. దొప్ప అంచు ఒక ప్రక్క 15 డిగ్రీలు వాలియుండుటచే మన దేశపు బండ్లలో వెలుగు ఎడమవైపు మాత్రము కొంత పైకి లేచి, మనుష్యులు నడచు రోడ్డు అంచును చూపును. ఎంత చిన్న రేకు, ఎంత పని!

ఈ బల్బు తీసి, తెల్లగా వెలుగునని చౌక ఎల్‌ఇడి బల్బును అదే గిన్నెలో బిగించినచో వెలుగు పుట్టు చోటు మారి కిరణములు చెదరును. ట్రాలీ బరువునకు ట్రాక్టరు ముందుభాగము లేచినను ఫలితమదియే. డిప్పర్ వెలుగు 8 మీటర్ల దూరమున, 1.5 మీటర్ల ఎత్తున నున్న కంటిని మిరుమిట్లు గొలుపరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి విధించినది.

పరీక్ష సులభము. చదునైన నేలపై బండిని గోడచెంత నిలిపి, దీపము మధ్యభాగపు ఎత్తును గోడపై గీయవలెను. బండిని 10 మీటర్లు వెనుకకు తీసి డిప్పర్ వేసినచో, వెలుగు పైఅంచు ఆ గీతకు సుమారు 10 సెంటీమీటర్లు దిగువన నిలువవలెను. నూర్పిళ్ళకు ముందు ఒక సాయంకాలము పంచాయతీ కార్యాలయపు గోడయొద్దనే ఊరి ట్రాక్టరుల నిట్లు చూడవచ్చును. ట్రాలీ నింపియే చూడవలెనని మా మనవి. ఖాళీగా నున్నప్పుడు సరిపోయిన వెలుగు బరువెక్కినంతనే గీత దాటును.