గ్రామ పంచాయతీ వెబ్ పుటను కూర్చుట ఎట్లు?

గ్రామసభ తేదీని దండోరా వేయించుట, చావడి గోడకు నోటీసు అంటించుట మన పంచాయతీలకు అలవాటైన పనులు. ఆ నోటీసును ఎంత ఎత్తున అంటించవలెనో, ఎంత లావు అక్షరములతో వ్రాయవలెనో సభ్యులకు ఒకరు చెప్పనక్కరలేదు. నేడు కొన్ని పంచాయతీలు తమ పేర వెబ్ పుటలను కూడ ఏర్పరచుకొనుచున్నవి. గోడకు బదులు ఫోను తెర వచ్చినను చదువరి కన్ను మారలేదు. పుటను కూర్చు పద్ధతులు చాలవరకు ఈ విషయమునుండి పుట్టినవే.

ఇటీవల మేమొక గ్రామపు పుటను తెరచి చూచితిమి. ఊరి పేరు చెప్పము. తెరవగనే ఛాయాచిత్రములు ఒకదాని వెంట ఒకటి కదలసాగెను. అటుపై స్వాగత వాక్యములు, అటుపై గ్రామ చరిత్ర. గ్రామసభ నోటీసు అట్టడుగున, అడ్డముగా తిరిగిన కాగితపు ఫోటో రూపమున ఉండెను. పుటలో పెట్టితిమి గదా యని పంచాయతీ వారు దండోరా వేయించలేదట. ఆ సభలోనే కుళాయి కనెక్షన్ల జాబితాను చదివిరి. జాబితాలో పేరు లేని ఒక ఇల్లాలికి ఈ సంగతి నాలుగు రోజుల తరువాత తెలిసెను. ఆమె చేతిలో ఫోను లేకపోలేదు.

కావున పుటను కూర్చుటకు ముందు, దానిని తెరచువారు ఏ ప్రశ్నతో వచ్చెదరో వ్రాసికొనవలెను. గ్రామసభ ఎప్పుడు? ఇంటి పన్ను ఎచ్చట చెల్లించవలెను? జనన ధ్రువపత్రమునకు ఏమేమి తేవలెను? కార్యదర్శి ఏ వేళ దొరకును? వీని జవాబులు తెరపై మొట్టమొదట కనబడవలెను. సర్పంచి గారి ఫోటో వలదని మేమనము. నోటీసు క్రింద ఉండిన చాలును. ప్రచార వృత్తిలోనున్న మాకును ఫోటోలపై మక్కువ ఎక్కువే. కాని టిమ్ బెర్నర్స్-లీ జెనీవా వద్ద సిద్ధపరచిన మొట్టమొదటి వెబ్‌సైటులో అక్షరములు, లింకులు తప్ప బొమ్మలే లేవు.

అన్నిటికంటె ముఖ్యమైనది, నోటీసును ఫోటోగా గాక అక్షరములుగా ఉంచుట. వేయి గుర్తుల తెలుగు నోటీసు సుమారు 3 కిలోబైట్లకు మించదు. దానినే ఫోటో తీసినచో 3 మెగాబైట్లు, అనగా దాదాపు వేయి రెట్లు కావచ్చును. సిగ్నలు బలహీనముగానున్న పొలము గట్టున ఈ భేదము బాగుగ తెలియును. అంతియే కాదు. ఫోటోలోని అక్షరములు వెదకిన దొరకవు; చూపులేని వారికి ఫోను చదివి వినిపింపజాలదు. ముద్రణాలయములలో వాడు కొన్ని పాత ఫాంటులతో టైపు చేసినను ఇదే చిక్కు. ఆ ఫాంటు లేని ఫోనులో తెలుగు పోయి పిచ్చి గుర్తులు కనబడును. తెలుగు లిపి 1991 నుండియు యూనికోడ్‌లో కలదు. ఫోనులలో మనము సందేశములు వ్రాయునది అందులోనే. పుటకును అదియే వాడుడు.

మన లిపికి క్రింద వత్తులు, పైన గుడులు ఉండుటచేత పంక్తులను దగ్గరగా పేర్చరాదు. పంక్తికిని పంక్తికిని నడుమ ఎడము అక్షర ప్రమాణమునకు ఒకటిన్నర రెట్లు ఉంచినచో కంటికి హాయిగానుండును. పసుపుపై తెలుపు, ఎరుపుపై నీలము పండుగ తోరణములకు చెల్లును గాని నోటీసుకు చెల్లవు. అక్షరమునకును వెనుక రంగునకును వెలుగులో 4.5కు 1 నిష్పత్తియైనను ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణము. తెలుపుపై నలుపు దీనికి చాల ఎక్కువే.

తెర వెడల్పును బట్టి పుట తానే సర్దుకొనునట్లు కూర్చుమని పని చేయువారికి ముందే చెప్పవలెను. లింకుపై “ఇక్కడ నొక్కుడు” అని గాక “ఇంటి పన్ను వివరములు” అని విషయమునే వ్రాయించుడు.

2005 సమాచార హక్కు చట్టము 4వ సెక్షను, ప్రజలు అడుగకముందే సమాచారమును ఇంటర్నెట్ సహా వివిధ సాధనములద్వారా అందింపవలెనని చెప్పుచున్నది. జరిగిపోయిన సభ నోటీసు మూడు నెలలు పైననే ఉన్నచో ఎవరును ఆ పుటను నమ్మరు. ప్రతి నోటీసుపై తేదీ ఉండవలెను. పాతవానిని తొలగించు పనిని ఒకరికి అప్పగింపవలెను. పుట ఉన్నది గదా యని దండోరా మాత్రము మానరాదు.

పుట సిద్ధమైన పిదప ఒక పెద్దామెను పిలిచి, ఆమె ఫోనులోనే, ఎండలోనే, “వచ్చు గ్రామసభ ఎప్పుడో చూడవమ్మా” అని అడుగుడు. ప్రక్కన నిలిచి ఏమియు చెప్పకుడు. ఆమె వ్రేలు ఎచ్చట తడబడునో గుర్తు పెట్టుకొనుడు.